బోరు దగ్గర మోటారు, ఇంట్లో స్విచ్చు: 1.2 కిలోమీటర్లకు ఏ వైర్‌లెస్ పెట్టాలి? (ఒక చర్చావేదికలోని ప్రశ్న, జవాబులు; అంకె పక్కన ఉన్నది రాసినవారి మారుపేరు)

1 · గట్టుమీద

లెక్క ఇది. ఇంటి నుంచి బోరుకు సూటిగా 1.2 కిలోమీటర్లు. మధ్యలో ఎదిగిన మామిడి తోట, ఒక కాలువ గట్టు. బోరులో 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు, పైన మామూలు డీఓఎల్ స్టార్టరు, అంటే మోటారును నేరుగా పూర్తి వోల్టేజికి కలిపేది. కావలసినవి మూడు: ఇంటి నుంచి ఆన్, ఆఫ్ చేయాలి, మోటారు నిజంగా తిరుగుతోందో లేదో తెలియాలి, తొట్టి నిండితే కబురు రావాలి. బోరు దగ్గర ఫోన్ సిగ్నల్ ఒక్క గీత, అదీ ఒక్కోసారి ఉండదు.

బ్లూటూత్, వైఫై, జిగ్‌బీ, లోరా, 433 రిమోటు, సిమ్ స్టార్టరు అని అంగట్లో బోలెడు పేర్లు. ఏది ఎందుకు పనికొస్తుందో, ఎందుకు పనికిరాదో లెక్కతో చెప్పండి. "ఫలానాది కొను" అనే ఒక్క ముక్క జవాబు వద్దు.

2 · పావుతరంగం

ముందు పేర్లన్నీ పక్కన పెట్టి, పంపాల్సిన కబురు ఎంతో చూడండి. "మోటారు వెయ్యి", "వేశాను, 8 ఆంపియర్లు లాగుతోంది", "తొట్టి నిండింది". వీటిలో ఏదీ 10 బైట్లు దాటదు. రోజంతా పంపినా ఒక ఫొటోలో వందో వంతు కాదు. కాబట్టి మీకు వేగంతో పని లేదు, దూరంతోనే పని. అవతలి గట్టు మీది మనిషిని పిలవాలంటే పేరును సాగదీసి అరుస్తాం. రేడియో కూడా అంతే, ఒక్కో బిట్టును ఎంత సాగదీసి పంపితే అంత దూరం అందుతుంది.

ఇక ఒక్కోటీ.

బ్లూటూత్ పనిచేసేది 2.4 గిగాహెర్ట్జ్‌లో. పాత రకం 79 చానెళ్ల మీద సెకనుకు 1600 సార్లు గెంతుతుంది, తక్కువ కరెంటు రకానికి 40 చానెళ్లు. ఇయర్‌ఫోన్లలో ఉండేది గదిలోపలి సరుకు, 10 మీటర్ల లెక్క. స్టార్టరు డబ్బా పక్కన నిలబడి ఫోన్‌తో సెట్టింగులు మార్చుకోవడానికి బాగుంటుంది, అంతకు మించి ఇక్కడ దానికి పని లేదు.

వైఫై కూడా అదే 2.4లో, ఇంకా 5 గిగాహెర్ట్జ్‌లో. ఒక్కో చానెల్ కనీసం 20 మెగాహెర్ట్జ్ వెడల్పు. అంత వెడల్పు తలుపు తెరిస్తే రొద కూడా అంతా లోపలికి వస్తుంది, అందుకే బలహీనమైన సిగ్నల్ దానికి వినబడదు. మామూలు రౌటరు ఇంటికి, వాకిలికి సరిపోతుంది. రెండు వైపులా డిష్ పెడితే కథ వేరు, అది తర్వాత.

జిగ్‌బీ 2.4లోనే, సెకనుకు 250 కిలోబిట్లు. దాని బలం దూరం కాదు, మెష్. ఒక బల్బు కబురు అందుకుని పక్క బల్బుకు అందిస్తుంది. ఇంట్లో ఇరవై స్విచ్చులుంటే భేషుగ్గా ఉంటుంది. మామిడి తోటలో ప్రతి 50 మీటర్లకు ఒక కరెంటు పాయింటు పెట్టగలిగితేనే ఇక్కడ పనికొస్తుంది.

433 మెగాహెర్ట్జ్ రిమోట్లు, అంటే గేటు రిమోటు, సైరన్ రిమోటు రకం. చవక. ఖాళీ నేలలో వంద మీటర్లు దాటించడమే గగనం. అవతలివాడు విన్నాడో లేదో చెప్పే దారి కూడా చాలావాటిలో లేదు.

లోరా మన దగ్గర 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తుంది. వేగం సెకనుకు సుమారు 5,400 బిట్ల నుంచి 300 బిట్ల లోపుకు కూడా దిగుతుంది. ఆ నిదానమే దాని బలం. రొద కంటే 20 డెసిబెళ్లు, అంటే వంద రెట్లు, కిందున్న సిగ్నల్‌ను కూడా విడదీసి వింటుంది. మీ లెక్కకు సరిగ్గా సరిపోయేది ఇదే అని నా మాట.

ఎన్‌ఎఫ్‌సీ 13.56 మెగాహెర్ట్జ్, నాలుగు సెంటీమీటర్ల ముచ్చట, మెట్రో కార్డు తాకించినట్టు. టీవీ రిమోటులోని ఇన్‌ఫ్రారెడ్‌కు ఆకు అడ్డమొచ్చినా అంతే సంగతులు. ఆ రెండింటినీ ఈ చర్చలోంచి తీసేద్దాం.

3 · స్టార్టర్‌పెట్టె

సిమ్ స్టార్టరును అంత తేలిగ్గా వదిలేయొద్దు. ఊళ్లలో ఎక్కువగా కనిపించేది అదే. సిగ్నల్ బాగుంటే దూరం అనే మాటే లేదు, ఊరు దాటినా మోటారు వేసుకోవచ్చు. కానీ కొనేముందు చూసుకోవాల్సినవి ఉన్నాయి.

చవక స్టార్టర్లలో ఉండేది 2జీ మాడ్యూలు. జియోకు 2జీ లేదు, ఆ సిమ్ వేస్తే చచ్చినా పట్టదు. 2జీ ఇంకా నడుస్తున్న కంపెనీ సిమ్ వేయాలి, లేదా 4జీ మాడ్యూలున్న స్టార్టరు కొనాలి. 4జీ అన్నా సరే, మిస్డ్ కాల్‌తో పనిచేసే రకమైతే అందులో వోల్టీ, అంటే 4జీ మీదే కాల్ మాట్లాడే వీలు, ఉందా అని అడగండి. డేటా మాత్రమే పట్టే 4జీ మాడ్యూలుకు కాల్ రాదు.

మాడ్యూలు "రీస్టార్ట్ అవుతూనే ఉంది" అన్న ఫిర్యాదుల్లో ఎక్కువ కరెంటు సరఫరావే. సిమ్800ఎల్ లాంటి 2జీ మాడ్యూలు టవరుతో మాట్లాడే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, దానికి 3.4 నుంచి 4.4 వోల్టుల మధ్యే ఉండాలి. సన్న తీగలతో 1 ఆంపియర్ అడాప్టరు తగిలిస్తే ఆ క్షణంలో వోల్టేజి కూలిపోయి మళ్లీ మొదటికొస్తుంది. మాడ్యూలు కాళ్ల దగ్గరే 1000 మైక్రోఫారడ్ కెపాసిటరు, పొట్టి లావు తీగలు, 2 ఆంపియర్లకు తగ్గని సప్లై. అంతే మందు.

సిగ్నల్‌ను గీతల్లో కాదు, అంకెలో చూడండి. మాడ్యూలుకు ఏటీ+సీఎస్‌క్యూ కమాండ్ ఇస్తే 0 నుంచి 31 దాకా అంకె వస్తుంది. దాన్ని రెట్టింపు చేసి 113 తీసేస్తే డీబీఎం, అంటే 1 మిల్లీవాటుతో పోల్చి చెప్పే సిగ్నల్ బలం. 10 వస్తే మైనస్ 93. పదికి దిగువన ఉంటే బయటి యాంటెన్నా లేకుండా నమ్ముకోవద్దు.

ఇంకొకటి, రీచార్జి గడువు. గడువు దాటాక ఇన్‌కమింగ్ ఆగితే మోటారు మాట వినదు. మాడ్యూలు బాగానే ఉంటుంది, రిపేరుకు తీసుకెళ్లే ముందు సిమ్ తీసి ఫోన్‌లో వేసి చూడండి.

4 · డెసిబెల్

పావుతరంగం గారి మాటకు అంకెలు కలుపుతాను. అడ్డేమీ లేని దారిలో నష్టం లెక్క, డెసిబెళ్లలో (డీబీ): 32.44కు, కిలోమీటర్లలో దూరపు లాగ్ 20 రెట్లు, మెగాహెర్ట్జ్‌లో ఫ్రీక్వెన్సీ లాగ్ 20 రెట్లు కలపాలి. 1.2 కిలోమీటర్లకు

866 మెగాహెర్ట్జ్: 92.8 డీబీ
2400 మెగాహెర్ట్జ్: 101.6 డీబీ
5800 మెగాహెర్ట్జ్: 109.3 డీబీ

లోరా 14 డీబీఎంతో, అంటే 25 మిల్లీవాట్లతో పంపింది అనుకోండి. రెండు వైపులా సాదా యాంటెన్నా, లాభం (శక్తిని ఒక వైపుకు కూడగట్టడం) సున్నా. అందేది మైనస్ 79. తోటకూ గట్టుకూ కలిపి 30 డీబీ పోయిందనుకున్నా మైనస్ 109. ఎస్‌ఎఫ్9 (ఎస్‌ఎఫ్ అంటే కబురును ఎంత సాగదీయాలో చెప్పే లోరా అంకె), 125 కిలోహెర్ట్జ్ వెడల్పులో ఎస్‌ఎక్స్1276 అనే లోరా చిప్పు మైనస్ 129 దాకా వింటుంది. ఇంకా 20 డీబీ మిగులు.

అదే చోట వైఫై 20 డీబీఎంతో పంపితే, 30 తీసేశాక మైనస్ 112. ఈఎస్‌పీ32 అనే వైఫై ఉన్న కంట్రోలరు చిప్పు అతి నిదానమైన 1 మెగాబిట్ వేగంలో కూడా మైనస్ 98 దగ్గర ఆగిపోతుంది. 14 డీబీ తక్కువ. పైగా ఆకులు 2.4ను ఇంకా ఎక్కువ తింటాయి, వాన పడి తడిసినప్పుడు మరీను. వేసవిలో పెట్టి "బ్రహ్మాండంగా పనిచేస్తోంది" అనుకున్నది జులైలో మూగబోవడం ఇందుకే.

ఒక అపోహ కూడా తీసేద్దాం. ఫ్రీక్వెన్సీ పెరిగితే గాలి ఎక్కువ తినేస్తుందని చాలామంది అనుకుంటారు. ఈ దూరాల్లో గాలి తినేది లెక్కలోకే రాదు. తరంగం పొట్టిదైతే దానికి తగ్గ యాంటెన్నా కూడా పొట్టిదవుతుంది, పట్టే దోసిలి చిన్నదవుతుంది. పై నష్టం అదే. డిష్ పెట్టి దోసిలి పెద్దది చేస్తే ఆ నష్టం తిరిగొస్తుంది.

5 · పావుతరంగం

"దోసిలి" బాగుంది, ఇకపై వాడుకుంటాను.

తరంగం పొడవు ఊహకు అందడానికి: హైదరాబాద్ ఆకాశవాణి 738 కిలోహెర్ట్జ్ తరంగం సుమారు 406 మీటర్లు. లోరా 866 మెగాహెర్ట్జ్‌ది 34.6 సెంటీమీటర్లు. వైఫై 2.4ది 12.5, 5.8 గిగాహెర్ట్జ్‌ది 5.2. పావు తరంగం తీగతో యాంటెన్నా చేస్తే 866కు కాగితం మీద 8.66 సెంటీమీటర్లు వస్తుంది, తీగ మందం వల్ల కోతపెట్టి 8.2 దగ్గర ఉంచుతాం. 433కైతే 17.3 సెంటీమీటర్ల లెక్క. ఈ రెండు యాంటెన్నాలు మార్చి తగిలించి "లోరా 200 మీటర్లు కూడా పోవట్లేదు" అన్న పోస్టులు ఈ వేదికలోనే కావలసినన్ని ఉన్నాయి.

6 · గట్టుమీద

లెక్క అర్థమైంది. రెండు అనుమానాలు. ఒకటి, బోరు దగ్గర కెమెరా కూడా పెడితే? రెండు, ఈ 865 బ్యాండుకు లైసెన్సు అక్కర్లేదా?

7 · డెసిబెల్

కెమెరా అంటే లోరాను మరిచిపోండి. సెకనుకు 1 నుంచి 2 మెగాబిట్లు కావాలి, లోరా ఇచ్చేది దానిలో వెయ్యో వంతు. అప్పుడు 5.8 గిగాహెర్ట్జ్ పాయింట్ టు పాయింట్ వైఫై జత వాడాలి, కేబుల్ ఇంటర్నెట్ వాళ్లు మేడల మీద పెట్టే తెల్ల డబ్బాలు. చెరో 13 డీబీఐ (యాంటెన్నా లాభపు కొలత) యాంటెన్నా, 20 డీబీఎం శక్తి ఉంటే అందేది మైనస్ 63, కెమెరాకు ధారాళం.

కానీ షరతు ఉంది. ఒక డబ్బా నుంచి రెండోది కంటికి కనబడాలి. కనబడితేనే సరిపోదు, మధ్యలో చుట్టూ కూడా ఖాళీ ఉండాలి. దాన్నే ఫ్రెనెల్ మండలం అంటారు. 1.2 కిలోమీటర్ల దారి నడిమధ్యన 5.8కు దాని వ్యాసార్ధం దాదాపు 4 మీటర్లు, అందులో 60 శాతమైనా, అంటే 2.4 మీటర్లు, చెట్ల కొనల పైన ఖాళీగా ఉండాలి. మామిడి 8 మీటర్లుంటే రెండు వైపులా 11 మీటర్ల స్తంభం కావాలి. చెట్టు పెరుగుదలకు ఇంకో మీటరు. ఆ ఖర్చు చూశాక కెమెరా అవసరమా అని మళ్లీ ఆలోచిస్తారు.

866కు ఆ మండలం ఇంకా లావు, వ్యాసార్ధం 10 మీటర్లు. అది చెట్లలోకి దిగుతుంది. అయినా పనిచేసేది చెట్ల నష్టం తీయకముందు ఉన్న 50 డీబీ మిగులు (పైన చూసిన మైనస్ 79కీ మైనస్ 129కీ తేడా) వల్లే. లోరా చెట్లలోంచి "దూసుకుపోతుంది" అని అమ్మేవాళ్లు చెప్పేది నిజం కాదు. పోయేది పోతుంది, మిగిలింది చాలు, అంతే.

8 · చట్టంచెప్పేవాడు

రెండో అనుమానానికి. 865–867 మెగాహెర్ట్జ్ 2005లో లైసెన్సు లేకుండా వాడుకోవడానికి తెరిచారు, 2021 నియమాలతో 868 దాకా పెంచారు. పంపే శక్తి 1 వాటు, యాంటెన్నా లాభంతో కలిపి 4 వాట్లు, చానెల్ వెడల్పు 200 కిలోహెర్ట్జ్. పైన చెప్పిన 25 మిల్లీవాట్లు అందులో ఎక్కడో మూలన ఉంటుంది. టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్ చదివేది కూడా ఈ బ్యాండులోనే.

లైసెన్సు అక్కర్లేదంటే పరికరానికి ఆమోదం అక్కర్లేదని కాదు. తయారుచేసి అమ్మేవాళ్లకు, దిగుమతి చేసేవాళ్లకు రేడియో అనుమతులు చూసే కేంద్ర ప్రభుత్వ డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే ఈటీఏ ఆమోదం ఉండాలి.

433లో మనకు అనుమతి 10 మిల్లీవాట్లే. హెచ్‌సీ-12 అనే మాడ్యూలు 100 మిల్లీవాట్లు పంపుతుంది, దాని చానెళ్లు 473 మెగాహెర్ట్జ్ దాకా పోతాయి. "1 కిలోమీటరు రేంజి" అని ఉందని కొనేముందు ఈ రెండు అంకెలు గుర్తుంచుకోండి. వాకీటాకీలది ఇంకో గొడవ. లైసెన్సు లేకుండా 446.0–446.2 మెగాహెర్ట్జ్ తక్కువ శక్తి సెట్లే వాడాలి. ఆన్‌లైన్‌లో దొరికే 5 వాట్ల సెట్టు ఆ కోవలోకి రాదు.

9 · చిప్పులడబ్బా

లోరా అని ఖాయమైతే, కొనేటప్పుడు బోల్తా పడేవి మూడు చోట్ల.

మొదటిది చిప్పు అంకె. ఎస్‌ఎక్స్1278 అంటే 525 మెగాహెర్ట్జ్ దాకానే, అంటే 433 సరుకు. ఆర్‌ఏ-02 అని అమ్మేది అదే. మనకు కావలసింది ఎస్‌ఎక్స్1276 ఉన్న ఆర్‌ఏ-01హెచ్ లాంటిది, లేదా కొత్త ఎస్‌ఎక్స్1262. కోడ్‌లో 866 అని రాసినంత మాత్రాన 1278 మాడ్యూలు 866లో సరిగా పనిచేయదు.

రెండోది కోడ్‌లోని ఫ్రీక్వెన్సీ. ఉదాహరణ ప్రోగ్రాముల్లో 915 అని ఉంటుంది, అది అమెరికా బ్యాండు. మన దగ్గర 890–915 ఫోన్లు టవరుతో మాట్లాడే చోటు. యూరప్ సెట్టింగు పెట్టినా తప్పే, దాని మామూలు చానెళ్లు 868.1, 868.3, 868.5. మూడూ మన 868 హద్దు దాటాయి. 865.0625, 865.4025, 865.985, ఈ మూడింట్లో ఒకటి రాయండి.

మూడోది వోల్టేజి. ఈ మాడ్యూళ్లు 3.3 వోల్టులవి. ఆర్డుయినో ఊనో అనే కంట్రోలరు బోర్డుకు నేరుగా కలిపితే దాని 5 వోల్టుల సంకేతాలు చిప్పును మెల్లగా చంపుతాయి. ఒక వారం పనిచేసి ఆగిపోతుంది, మాడ్యూలు నాసిరకం అని తిడతాం. ఈఎస్‌పీ32 అయితే అదీ 3.3 వోల్టులే, గొడవ లేదు.

యాంటెన్నా తగిలించకుండా ఎప్పుడూ పంపించకండి. పోయే దారి లేక శక్తి వెనక్కి తిరిగి పంపే భాగాన్ని కాలుస్తుంది. యాంటెన్నా కొనేటప్పుడు ఎస్‌ఎంఏ, ఆర్‌పీ-ఎస్‌ఎంఏ తేడా చూడండి. వైఫై రౌటర్ల యాంటెన్నాలు రెండో రకం. మర శుభ్రంగా బిగుస్తుంది, కానీ నడిమి సూది రెండు వైపులా ఉండదు, లేదా రెండు వైపులా ఉండి గుద్దుకుంటుంది. బయటికి అంతా బాగానే కనబడుతుంది.

10 · స్టార్టర్‌పెట్టె

ఇప్పుడు అసలు ప్రమాదం ఉన్న చోటు చెప్తా, ఎవరూ అటు పోలేదు.

త్రీఫేజు డీఓఎల్ స్టార్టరులో కాయిల్ మామూలుగా రెండు ఫేజుల మధ్య ఉంటుంది, అంటే 415 వోల్టులు. నీలం రంగు చిన్న రిలే బోర్డు మీద రాసి ఉండేది 250 వోల్టులు, 10 ఆంపియర్లు. ఆ రిలేను నేరుగా కాయిల్ దారిలో పెడితే కొన్నాళ్లకు కాంటాక్టులు అతుక్కుపోతాయి. అతుక్కుంటే మోటారు ఆగదు. కాబట్టి చిన్న రిలేతో 240 వోల్టుల కాయిల్ ఉన్న సహాయక కాంటాక్టరును నడిపించి, దాని కాంటాక్టులను స్టార్టరు దారిలో పెట్టండి. ఆ కాంటాక్టుల మీద 415 లేదా అంతకన్నా ఎక్కువ రాసి ఉండాలి.

కలిపే పద్ధతి: ఆన్ కాంటాక్టు పచ్చ బటన్‌కు సమాంతరంగా, మామూలుగా తెరిచి ఉండేది, రెండు సెకన్లు మూసి వదిలేయాలి. ఆఫ్ కాంటాక్టు ఎర్ర బటన్‌తో వరుసలో, మామూలుగా మూసి ఉండేది. ఇలా పెడితే రేడియో డబ్బా చచ్చినా చేతి బటన్లు మామూలుగానే పనిచేస్తాయి. ఓవర్‌లోడ్ రిలే, సింగిల్ ఫేజింగ్ ప్రివెంటరు (ఒక ఫేజు పోతే ఆపేది), డ్రై రన్ రక్షణ (నీళ్లు లేకపోతే ఆపేది) మూడూ బోరు దగ్గరే ఉండాలి. వాటిని రేడియో మీదుగా ఇంటి నుంచి నడిపిద్దాం అనుకోవద్దు. ఫేజు పోయినప్పుడు మోటారు కాలడానికి నిమిషాలు చాలు, కబురు కోసం అది ఆగదు.

ఈ పని మెయిన్ ఆఫ్ చేసి, ఫ్యూజులు పీకి, టెస్టరుతో మూడు ఫేజులూ చూసుకున్నాకే. చేయి తిరిగిన ఎలక్ట్రీషియన్‌తో.

11 · చిప్పులడబ్బా

పైదానికి తోక. కాంటాక్టరు కొట్టినప్పుడల్లా ఈఎస్‌పీ32 హ్యాంగయితే ప్రోగ్రాములో వెతకొద్దు, కాయిల్ ఆగేటప్పుడు వదిలే వోల్టేజి పోటులో వెతకండి. 240 వోల్టుల ఆ సహాయక కాయిల్‌కు అడ్డంగా 100 ఓమ్‌ల రెసిస్టరు, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు వరుసలో పెట్టండి, కెపాసిటరు మీద ఎక్స్2 (మెయిన్ కరెంటుకు అడ్డంగా పెట్టే రకం) అని రాసి ఉండాలి. మామూలు కెపాసిటరు పెట్టకూడదు.

మోటారు తిరుగుతోందని తెలియడానికి కరెంటు కొలవండి, రిలే స్థితిని నమ్మకండి. రిలే ఆన్ అయింది, ఫేజు లేదు, మోటారు లేదు, ఇంట్లో తెరమీద మాత్రం "ఆన్". తెరిచి మూసే రకం క్లాంప్ సీటీ (తీగ చుట్టూ వేసి కరెంటు కొలిచేది), 30 ఆంపియర్లది సరిపోతుంది. ఒక్క ఫేజు తీగ చుట్టూ మాత్రమే వేయాలి. మూడు తీగలూ కలిపి పట్టిస్తే మొత్తం సున్నా చూపిస్తుంది, ఎందుకంటే మూడూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

12 · పాతరేడియో

అన్నా, ఒక సందేహం. లోరా, లోరావాన్ ఒకటే అన్నట్టు రాస్తున్నరు కొందరు. గేట్‌వే కొనాల్నా, అక్కర్లేదా?

13 · పావుతరంగం

రెండూ వేరు. లోరా అంటే రేడియో పలికే పద్ధతి. లోరావాన్ అంటే దాని మీద కట్టిన ఊరి తపాలా ఏర్పాటు: గేట్‌వే, సర్వరు, తాళంచెవులు. ఒక బోరు, ఒక ఇల్లు అయితే రెండు మాడ్యూళ్లు నేరుగా మాట్లాడుకుంటే చాలు, గేట్‌వే వద్దు. నలభై చోట్ల నేల తేమ కొలిచే పరికరాలు పెట్టి, ఇంటర్నెట్‌లో చూడాలంటే అప్పుడు లోరావాన్. ఇంకో తేడా, లోరావాన్‌లో బ్యాటరీ పరికరాలు తాము పంపాకే కాసేపు వింటాయి. అలాంటి దాన్ని మోటారు ఆపడానికి పెడితే, అది తర్వాత నోరు తెరిచేదాకా మీ ఆజ్ఞ గేట్‌వేలో కూర్చుంటుంది. ఎప్పుడూ వినే రకాన్ని, అంటే క్లాస్ సీని ఎంచుకోవాలి. మోటారు దగ్గర కరెంటు ఉంది కనుక ఇబ్బంది లేదు.

ఎస్‌ఎఫ్ సంగతి కూడా. అంకె పెరిగితే దూరం పెరుగుతుంది, గాలిలో ఉండే సమయం కూడా పెరుగుతుంది. 10 బైట్ల కబురు 125 కిలోహెర్ట్జ్‌లో ఎస్‌ఎఫ్7 అయితే 41 మిల్లీసెకన్లు, ఎస్‌ఎఫ్12 అయితే 991. "ఎందుకైనా మంచిది" అని అందరూ 12 పెడితే ఒకరి మాట మీద ఒకరు పడి ఎవరిదీ వినబడదు. ఎస్‌ఎఫ్9తో మొదలుపెట్టండి.

14 · తాళంకప్ప

రక్షణ గురించి ఒక్కరూ మాట్లాడలేదు. 433 చవక రిమోట్లలో కోడు మారదు. ఒకసారి గాలిలోంచి పట్టి మళ్లీ వదిలితే మోటారు లేస్తుంది. లోరాలో కూడా "1 అంటే ఆన్, 0 అంటే ఆఫ్" అని తెరిచి పంపితే అదే గతి. సింక్ వర్డ్ (ఒక లోరా గుంపును ఇంకోదాన్నుంచి వేరుచేసే గుర్తు) మార్చాను కదా అంటారు, అది తాళం కాదు, గుమ్మం మీద పేరు మాత్రమే.

పది బైట్లను ఇలా వాడండి: 1 బైటు పరికరం నంబరు, 4 బైట్లు వరుస సంఖ్య, 1 బైటు ఆజ్ఞ, 4 బైట్లు సంతకం. సంతకం ఏఈఎస్-128 అనే గుప్తలిపి పద్ధతి తాళంచెవితో చేయాలి. వరుస సంఖ్య ప్రతి కబురుకు పెరుగుతుంది. పాత సంఖ్యతో ఏదొచ్చినా బోరు వైపు పారేయాలి. కరెంటు పోయి వచ్చాక సంఖ్య మళ్లీ సున్నా నుంచి మొదలవకుండా ఫ్లాష్ మెమరీలో దాచాలి. ప్రతిసారీ రాస్తే ఫ్లాష్ అరుగుతుంది కాబట్టి వందకొకసారి రాసి, లేచినప్పుడు వంద ముందుకు దూకండి.

15 · గట్టుమీద

ఇంటి వైపు ఆఫ్ నొక్కాక కబురు అందకపోతే? అదే నా భయం.

16 · చిప్పులడబ్బా

అందుకే ఆన్ ఆజ్ఞలోనే నిమిషాలు పంపండి. "ఆన్, 90 నిమిషాలు". ఆ గడువు బోరు వైపు లెక్కపెట్టుకుని తనే ఆపుతుంది, ఇంటి నుంచి మాట రాకపోయినా. పైన చెప్పిన ఆజ్ఞ బైటు పక్కన ఇంకో బైటు కలిపితే చాలు, 11 అవుతుంది.

ప్రతి ఆజ్ఞకూ జవాబు ఉండాలి. రెండు సెకన్లలో జవాబు రాకపోతే మళ్లీ పంపాలి, మూడుసార్లు. మూడోసారీ రాకపోతే తెరమీద "తెలియదు" అని చూపించాలి, "ఆఫ్" అని కాదు. బోరు వైపు నుంచి ఐదు నిమిషాలకొకసారి క్షేమసమాచారం రావాలి, మూడు వరుసగా రాకపోతే బజరు మోగాలి.

17 · డెసిబెల్

స్తంభం నాటే ముందు పరీక్ష చేయండి. ఒక మాడ్యూలును ఇంటి డాబా మీద పెట్టి పది సెకన్లకొకసారి పంపేలా వదలండి. రెండోది చేతిలో పట్టుకుని బోరు దగ్గర తల ఎత్తులో, తర్వాత మూడు మీటర్ల పైపు మీద, ఆరు మీటర్ల పైపు మీద వంద కబుర్ల చొప్పున లెక్కపెట్టండి. ఆర్‌ఎస్‌ఎస్‌ఐ (అందిన సిగ్నల్ బలం)తో పాటు ఎస్‌ఎన్‌ఆర్ (రొదతో పోలిస్తే సిగ్నల్ ఎంతో) కూడా రాసుకోండి. ఎస్‌ఎఫ్7 మైనస్ 7.5 దాకా, ఎస్‌ఎఫ్9 మైనస్ 12.5 దాకా, ఎస్‌ఎఫ్12 మైనస్ 20 దాకా ఓర్చుకుంటాయి. మీకు ఎస్‌ఎఫ్9లో మైనస్ 2 కంటే మెరుగ్గా రావాలి, అప్పుడే వానాకాలానికి 10 డీబీ చేతిలో ఉంటుంది. వందలో 98 కంటే తక్కువ వస్తే ముందు ఎత్తు పెంచండి, తర్వాత యాంటెన్నా మార్చండి, శక్తి పెంచడం ఆఖరు.

రెండు యాంటెన్నాలూ నిలువుగానే ఉండాలి. ఒకటి పడుకుని ఒకటి నిలబడితే 20 డీబీ దాకా పోవచ్చు. నిలువు కడ్డీ కొన వైపు దాదాపు ఏమీ పంపదు, కాబట్టి కొనను బోరు వైపు వంచి "గురిపెట్టడం" సరిగ్గా తప్పు పని.

18 · పాతరేడియో

కేబుల్ సంగతి చెప్పలే ఎవ్వరు. ఆర్‌జీ58 తీగ 900 మెగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు దాదాపు అర డీబీ మింగుతది. పది మీటర్లు ఏసిన్రంటే 5 డీబీ, అంటే పంపినదాంట్ల మూడింట రెండొంతులు తీగలనే వేడైపోయినట్టు. రేడియోనే పైన ప్లాస్టిక్ డబ్బల పెట్టి, కిందికి కరెంటు, డేటా తీగలు దింపితే ఆ నష్టం లేదు. కింద ఇనుప స్టార్టరు డబ్బ లోపల మాత్రం యాంటెన్న పెట్టొద్దు, పెడితే బావిల నిలబడి పిలిచినట్టే.

19 · చిప్పులడబ్బా

తొట్టి వైపు పరికరానికి కరెంటు లేకపోతే బ్యాటరీ లెక్క. పావుగంటకొకసారి ఎస్‌ఎఫ్7లో పంపితే, పంపేటప్పుడు 120 మిల్లీఆంపియర్లు అనుకున్నా, రోజుకు 0.13 మిల్లీఆంపియర్ గంటలే. పంపడం కాదు బ్యాటరీని తినేది, నిద్రపోకపోవడం. ఈఎస్‌పీ32 చిప్పు గాఢనిద్రలో 10 మైక్రోఆంపియర్లు తాగుతుంది, కానీ కొన్ని డెవలప్‌మెంట్ బోర్డుల మీద యూఎస్‌బీ చిప్పు, రెగ్యులేటరు, ఎర్ర ఎల్‌ఈడీ కలిసి 10 మిల్లీఆంపియర్ల దాకా లాగుతాయి. 2600 మిల్లీఆంపియర్ గంటల సెల్లు పదకొండు రోజుల్లో ఖాళీ. ముందు ఆ ఎల్‌ఈడీ పీకండి, తర్వాత తక్కువ నిద్ర కరెంటు ఉన్న బోర్డు చూడండి.

తొట్టికి అల్ట్రాసోనిక్ సెన్సరు (శబ్దం తిరిగొచ్చే సమయంతో మట్టం కొలిచేది) పెట్టేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, నీళ్లు తట్టుకునే రకానికి ముందున్న 20–25 సెంటీమీటర్లు గుడ్డి. సెన్సరును తొట్టి అంచుకు అంత పైన బిగించాలి. లేదంటే సరిగ్గా నిండే వేళకే అబద్ధం చెబుతుంది. నిండిందో లేదో మాత్రమే కావాలంటే తేలే స్విచ్చు చాలు.

20 · స్టార్టర్‌పెట్టె

పైపు మీది డబ్బాకు తీగలన్నీ అడుగు నుంచే రావాలి, డబ్బా దాటి కిందికి ఒక వంపు తిరిగి మళ్లీ పైకెక్కాలి, అప్పుడు వాన నీరు వంపు దగ్గర కారిపోతుంది. యాంటెన్నా జాయింటుకు సాగదీస్తే తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు రెండు వరసలు, దాని మీద మామూలు నల్ల టేపు. మిగిలిన కన్నాలన్నీ సిలికాన్‌తో మూయండి, ముఖ్యంగా స్టార్టరు డబ్బావి. చీమలు కాంటాక్టుల మధ్య దూరి నలిగి కాయిల్ లాగకుండా చేస్తాయి. బల్లి రెండు ఫేజుల మధ్య పడితే ఫ్యూజు పోతుంది. ఆ రెండు రోజుల్లోనూ నింద రేడియో మీదే పడుతుంది.

21 · గట్టుమీద

ఆర్‌ఏ-01హెచ్ రెండు, ఈఎస్‌పీ32 రెండు, 240 వోల్టుల సహాయక కాంటాక్టర్లు రెండు, క్లాంప్ సీటీ ఒకటి, తేలే స్విచ్చు ఒకటి. 865.4025, ఎస్‌ఎఫ్9, 14 డీబీఎం. ముందు డాబా మీద, బోరు దగ్గర వంద కబుర్ల పరీక్ష. అంకెలు ఇక్కడే పెడతాను. తేలే స్విచ్చు తీగ తొట్టి నుంచి బోరుకు 60 మీటర్లు లాగితే సరిపోతుందా, దానికీ రేడియో కావాలా?

22 · పావుతరంగం

60 మీటర్లకు తీగే. పీవీసీ గొట్టంలో రెండు తీగలు, మోటారు కేబులుకు ఒక అడుగు దూరంగా. బోర్డు వైపు 1 కిలోఓమ్ పుల్ అప్ (స్విచ్చు తెరిచి ఉన్నప్పుడు తీగను పై వోల్టేజిలో ఉంచే రెసిస్టరు), పక్కన 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు, ఒక ఆప్టోకప్లరు (వెలుగుతో కబురు దాటించి, బోర్డును తీగ నుంచి వేరుగా ఉంచేది).